పాప చెవుల మీది మెరుపు

చెల్లెలి ముఖం చూసి కొనాడు గుమ్మంలోనే ఆగిపోయింది. బిడ్డను కని నెల దాటింది. కడుపు కోసిన చోట గాయం ఇంకా మానలేదు. కుట్లు వేస్తే ఊడిపోతున్నాయి, ఊడిన చోట మళ్ళీ వేస్తున్నారు. అలాంటి బాలింత ముఖం పీక్కుపోయి ఉండాలి. బిరాగో ముఖం మాత్రం అప్పుడే తుడిచిన అద్దంలా నిగనిగలాడుతోంది. పైగా రంగు కూడా తేలింది.

"ఏంటక్కా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్? లోపలికి రా. పులుసు వాసన వీధి మొదట్లోనే పట్టేశాలే," అంది బిరాగో మంచం మీద నుంచే.

కొనాడు పామ్‌పళ్ళ పులుసు గిన్నె బల్ల మీద పెట్టబోయింది. చోటు లేదు. నిండా ముదురు నీలం గాజు సీసాలే. వేలెడంత సీసాలు, బంగారు రంగు మూతలు, ఒక్కోదాని మీద బొసువొ అని తీగలు తిరిగిన అక్షరాలు. బొసువొ అంటే మంచుబిందువు. ముఖానికి తేమ పట్టి ఉంచే సీరం. కుమాసీ నగరంలో కాస్త కలిగినవాళ్ళ ఇళ్ళలో ఇప్పుడు అది లేని అద్దం బల్ల లేదు.

"ఇవన్నీ ఎక్కడివే?"

"వదిన ఇచ్చింది. కడుపుతో ఉన్నప్పటి నుంచీ వాడుతున్నా. ముఖం ఎండిపోదట. పొట్ట మీద చారలు పడకుండా అక్కడ కూడా రాసుకోమంది."

"పొట్ట మీదా?"

"అరవకు. అఫియా లేస్తుంది."

శుక్రవారం పుట్టింది కాబట్టి పాప అఫియా. అది వారం పేరు, అందరికీ ఉండేదే. అసలు పేరు ఇంకా పెట్టలేదు. తల్లి గాయం మానితే పెడదామని వాయిదా వేస్తూ వచ్చారు. ఇక ఆగలేం, వచ్చే శనివారం తెల్లవారుజామున పెట్టేద్దాం అని బిరాగో మొగుడు అమాంక్వా తేల్చాడు. పెట్టబోయే పేరు కూడా తేలిపోయింది. పొకువా. అంటే అమాంక్వా అక్క పేరు. ఈ నీలం సీసాలు చేసి, అదుమ్ బజారులో ఏసీ కొట్టు పెట్టి అమ్ముతున్న ఆవిడ పేరు.

కొనాడు ఒక సీసా తీసి వెలుతురుకు పట్టింది. ఆమె ఉద్యోగమే అది. ఊళ్ళో ఒక ప్రైవేటు ల్యాబు ఉంది. కొత్త క్రీములు, లోషన్లు అమ్మకానికి పెట్టేముందు కొట్లవాళ్ళు అక్కడికి పంపుతారు. అందులో ఏముంది, ఒంటికి పడుతుందా పడదా అని తేల్చి చెప్పడం కొనాడు పని. ఏళ్ళ తరబడి సీసాల మీది అబద్ధాలు చదివి చదివి ఆమెకు కోపం ముక్కు మీదే కాపురం పెట్టింది. ల్యాబులో కుర్రకారు ఆమెను వెనకాల మిరపకాయ మేడమ్ అంటారు. ఆ సంగతి ఆమెకూ తెలుసు, పెద్దగా బాధపడదు.

సీసా వెనక చీటీ చదివింది. నీళ్ళు, గ్లిజరిన్, హైల్యురానిక్ యాసిడ్, నయాసినమైడ్, పాంథెనాల్, పరిమళం. చర్మానికి నీళ్ళు పట్టేవి, పట్టిన నీళ్ళు జారిపోకుండా ఆపేవి. పసిపిల్ల చేతికిచ్చినా భయపడక్కర్లేని సరుకు. ఒక్కదానికీ వంక పెట్టడానికి లేదు. అదే కొనాడుకు నచ్చలేదు.

ఎందుకంటే చీటీలో మొట్టమొదటి పేరు నీళ్ళు. సగానికి పైగా నీళ్ళే అన్నమాట. నీళ్ళున్న ఏ సీసాలోనైనా బూజు పట్టకుండా ఏదో ఒకటి కలిపి తీరాలి. అది లేకపోతే కుమాసీ ఉక్కలో ఈ సీరం నాలుగు వారాలు నిలవదు, కంపు కొడుతుంది. దీనికేమో ఏడాది గడువు వేశారు. ఆ కలిపినదాని పేరు చీటీలో ఎక్కడా లేదు. మంచిదాని పేరే దాచిన మనిషి చెడ్డవి ఎన్ని దాచిందో అనుకుంటూ మూత తీసి వాసన చూసింది. పరిమళం కింద, సన్నగా, గీసి ఆర్పిన అగ్గిపుల్ల వాసన.

"బిరాగో, ఇది వాడటం ఆపు."

"మొదలెట్టావా? నా పెళ్ళికి లిప్‌స్టిక్ కూడా వేసుకోనివ్వలేదు నువ్వు. నీకు ప్రతి సీసాలోనూ విషమే కనిపిస్తుంది."

"తేమ కోసం రాసుకునేది అయితే రంగెందుకు మారింది?"

"మారలేదు, మెరుస్తోంది అంతే. ఇది తెల్లబరిచే క్రీము కాదక్కా. వదిన కణుపులు చూడలేదా నువ్వు?"

చూడకపోవడమేం. ఊరంతా చూసింది. రంగు తగ్గించే క్రీములు ఒళ్ళంతా తెల్లబరిచినా వేళ్ళ కణుపుల దగ్గర ఓడిపోతాయి. అక్కడ చర్మం నల్లగానే మిగిలిపోతుంది. అందుకే మా ఆడవాళ్ళు ఎవరి రంగు సొంతమో ఎవరిది సీసాలోంచి వచ్చిందో ముఖం చూసి తేల్చరు, షేక్‌హ్యాండ్ ఇస్తూ కణుపులు చూసి తేలుస్తారు. పొకువా గారికి ఈ సంగతి అందరికంటే బాగా తెలుసు. కొట్టుకు ఎవరొచ్చినా పది వేళ్ళూ అద్దాల బల్ల మీద పరిచి, "చూసుకోండమ్మా, నల్లమచ్చ కనబడితే సీసా ఊరికే ఇస్తా," అంటుంది. పది వేళ్ళూ పనసతొనల్లా పచ్చగా, ఒకే రంగులో ఉంటాయి. ఇక ఎవరూ చీటీ చదవరు.

కొనాడు ఒక సీసా చేతిసంచిలో వేసుకుంది. అమ్మ పోయినప్పుడు బిరాగో ఇంకా బడిపిల్ల. దానికి జడలు అల్లింది, జ్వరానికి తడిగుడ్డ వేసింది, మొగుడి ఇంటికి పంపింది అన్నీ కొనాడే. ఇప్పుడు ఆ పిల్ల కడుపు మీద మానని గాయంతో కూర్చుని మెరుస్తోంది. "నేను చెప్పేదాకా రాసుకోకు," అంది మళ్ళీ. బిరాగో పులుసు గిన్నె మూత తీసి పొగబెట్టిన చేపముక్క కోసం వెతుకుతూ, అలాగేలే అన్నట్టు తలూపింది. ఆ ఊపుడు సంగతి కొనాడుకు చిన్నప్పటి నుంచీ తెలుసు. వినలేదని అర్థం.

మర్నాడు ల్యాబులో అన్నిటికంటే ముందు ఆ సీసానే తెరిచింది. యంత్రం వేడెక్కేలోపు తెల్ల పింగాణీ పళ్ళెంలో నాలుగు చుక్కలు వేసి, కాస్త సోడా కలిపిన నీళ్ళు పోసి కలిపింది. మంచి సీరమైతే అలాగే ఉండాలి. ఆమె టీ తాగడం పూర్తయ్యేసరికి పళ్ళెంలోని నీళ్ళు పసుపు రంగు దాటి టీ రంగుకు వచ్చాయి. హైడ్రోక్వినోన్. చర్మంలో నల్లరంగు పుట్టకుండా నొక్కేసే రసాయనం. ఒంటికి రాసుకునేవాటిలో కలపకూడదని సర్కారు ఎప్పుడో నిషేధించింది. అగ్గిపుల్ల వాసన కూడా దానివల్లే. ఆ రసాయనం సీసాలో నల్లబడకుండా గంధకపు ఉప్పు వేస్తారు. నీలం గాజు ఎందుకో కూడా తెలిసింది, అందం కోసం కాదు, రంగు మారితే బయటికి కనపడకుండా.

అంతటితో అయిపోతే కొనాడు కోపం మామూలు కోపంగానే ఉండేది. యంత్రం రెండోది కూడా చూపించింది. క్లోబెటసాల్. మొండి చర్మరోగాలకు డాక్టరు చీటీ రాసి, కొన్నాళ్ళు మాత్రమే, రవ్వంత మాత్రమే రాయమనే ఘాటైన స్టెరాయిడ్. రాసిన రోజు ముఖం బూరెలా పొంగి నున్నగా మెరుస్తుంది. ఆహా, తేమ పట్టింది అనుకుంటారు. నెలల తరబడి రాస్తే చర్మం ఉల్లిపొరలా పలచబడుతుంది. పలచబడిన చోట సూది దిగుతుంది గానీ దారం నిలవదు. కుట్టు వేసిన చోటల్లా చర్మం చిరుగుతుంది.

కొనాడు తెర ముందు నుంచి లేచి పింగాణీ పళ్ళెం తీసి సింకులోకి విసిరింది. అది మూడు చెక్కలైంది. పక్క గదిలోంచి తొంగిచూసిన కుర్రాడు మేడమ్ ముఖం చూసి చప్పుడు చేయకుండా తలుపు వేసుకున్నాడు. కుట్లు ఎందుకు నిలవడం లేదో ఆసుపత్రిలో ఎవరికీ అంతుపట్టలేదు. షుగరా అన్నారు, రక్తం తక్కువా అన్నారు, సరిగ్గా తినడం లేదా అని బాలింతనే తిట్టారు. పొట్ట మీద ఏం రాశావమ్మా అని ఒక్కరు అడగలేదు. అడిగినా అది చెప్పేది కాదు. అది ఒట్టి తేమే అనుకుంటోంది, నీళ్ళు రాసుకున్నానని ఎవరు చెబుతారు?

ముందు ఆసుపత్రి డాక్టరుకు ఫోన్ చేసింది. ఆయన "ఇవాళే ఆపించు. బిడ్డకు పాలిస్తోంది కదా, రొమ్ము మీద అసలే రాయనివ్వకు. ఇద్దర్నీ తీసుకురా," అన్నాడు. నిషేధపు సరుకు పట్టుకునే ఆఫీసుకు చేసింది. సరే, ఫిర్యాదు తీసుకున్నాం, మనుషులు ఖాళీ లేరు, వచ్చేవారం చూస్తాం అన్నారు. బిరాగోకు చేసింది. ఫోన్ ఎత్తింది పొకువా.

"బాలింత పడుకుంది కొనాడూ. పేరు పెట్టే పండగ దాకా నేనే ఇక్కడుండి చూసుకుంటున్నా. దాన్ని కంగారు పెట్టకు. కంగారు పడితే పాలు ఆగిపోతాయి."

ఎన్నిసార్లు చేసినా అదే గొంతు, అదే తేనె. అమాంక్వాకు చేస్తే అతను నసిగాడు. "వదినా, నువ్వన్నది నిజమే కావచ్చు. అక్కతో నేను మాట్లాడతా. పేరు పెట్టడం కానీ. అక్క పేరు పెడుతూ అక్కను దొంగ అనమంటావా?"

"అనకపోతే నీ పెళ్ళాం పొట్ట ఎవరు కుడతారు, మీ అక్కా?"

"అంత మాటెందుకు వదినా," అని ఫోన్ పెట్టేశాడు. మంచివాడే. మంచివాళ్ళ నోట్లో నాలుక లేకపోవడం మీద కొనాడుకు ఉన్నంత మంట దొంగల మీద కూడా లేదు.

మూడోరోజు చెల్లెలి ఇంటికి వెళ్తే గేటు దగ్గరే, డాక్టరుకు చూపించుకోవడానికి వెళ్ళారని చెప్పి పంపేశారు. వెళ్ళలేదని ఆసుపత్రికి ఫోన్ చేస్తే తెలిసింది. ఇక పొకువా కొట్టుకు వచ్చే వేళ చూసుకుని కొనాడు నేరుగా అదుమ్‌కే వెళ్ళింది. చల్లటి గది, తెల్లటి గోడలు, గోడకు మంచుబిందువు బొమ్మ. బల్ల వెనక పొకువా, గంజిపెట్టిన లేసు బట్టల్లో. ఎదురుగా ఇద్దరు ఆడవాళ్ళు కణుపులు చూస్తున్నారు.

"అబ్బో, మా మరదలి అక్కగారు! ఇన్నాళ్ళకు దారి తెలిసిందా?" అని ఆ ఇద్దరికీ వినపడేలా నవ్వింది. "నీకైతే ఒక సీసా చాలదమ్మా, డజను పట్టుకెళ్ళు."

ఆడవాళ్ళు కిసుక్కున నవ్వారు. కొనాడు వాళ్ళు డబ్బు కట్టేదాకా ఆగలేదు. "ఇందులో హైడ్రోక్వినోన్ ఉంది, స్టెరాయిడ్ ఉంది. కొనకండి," అంది. ఆ పేర్లు వాళ్ళకు తెలియవు గానీ గొంతు అర్థమైంది. ఇద్దరూ సంచులు సర్దుకుని వెళ్ళిపోయారు. తలుపు మూసుకోగానే పొకువా ముఖం మీది నవ్వు కూడా మూసుకుంది.

"బేరం చెడగొట్టావు. సంతోషమా?"

"నా చెల్లెలి పొట్ట మానడం లేదు. ఎందుకో నీకు తెలుసు."

"నాకేం తెలుసు? నేనేమన్నా డాక్టర్నా? వాళ్ళే అడుగుతారు తల్లీ. తేమ ఒక్కటే ఇచ్చి చూశా మొదట్లో. నిజం చెబుతున్నా, ఏడాదంతా ఒట్టి తేమే అమ్మాను. ఒక్కతీ రెండోసారి రాలేదు. ఏమీ కనపడట్లేదు ఆంటీ అని తిరిగిచ్చారు. నల్లగా ఉన్నామని ఏడ్చేవాళ్ళు నీ ల్యాబుకు రారు, నా దగ్గరికి వస్తారు. కన్నీళ్ళు తుడవడం తప్పా?"

"చీటీలో రాయి మరి. ఏం కలిపావో రాసి అమ్ము. తుడవడమో ఏడిపించడమో వాళ్ళే తేల్చుకుంటారు."

గదిలో చలికి పొకువా చేతులు పొడిబారాయేమో, బల్ల కింద అర లాగి ఒక ప్లాస్టిక్ డబ్బా తీసింది. మూత తీసి, వేలితో ఇంత ముద్ద తీసి చేతులకు రుద్దుకుంది. కొనాడుకు ఆ వాసన తెలుసు. షియా వెన్న. ఉత్తరాది ఆడవాళ్ళు షియా గింజలు దంచి తీసి, చెక్కగిన్నెల్లో తెచ్చి బజారులో చారెడు చారెడుగా అమ్మే మామూలు షియా వెన్న.

గోడ నిండా నీలం సీసాలు, చేతికేమో చారెడు వెన్న. ఊరంతా మోసపోయింది ఆ పది వేళ్ళనే చూసి. ఆ వేళ్ళకు బొసువొ ఎప్పుడూ తగల్లేదు కాబట్టే కణుపుల మీద మచ్చ లేదు.

"నువ్వు రాసుకోవా ఇది?"

పొకువా చెయ్యి ఆగింది. తర్వాత తాపీగా డబ్బా మూత బిగించింది. "నాకేం ఖర్మ. మా అమ్మ నన్ను ఎర్రగా బుర్రగానే కన్నది," అని, తలుపు వైపు చూపించింది. "శనివారం తెల్లబట్టలు కట్టుకుని రా. నోరు మాత్రం ఇంట్లో పెట్టి రా. నా పేరు పెడుతున్నారు ఆ రోజు."

పిల్లకు ఎవరి పేరు పెడితే వాళ్ళ గుణం వస్తుందని మావాళ్ళ నమ్మకం. కొనాడు అలాంటివి పెద్దగా నమ్మదు. నమ్మకపోయినా శనివారం దాకా ఆ పేరే ఆమె బుర్రలో తిరిగింది.

శనివారం చీకటి విడుతుండగానే ఆమె చెల్లెలి ఇంట్లో ఉంది. ఇవాళ గేటు దగ్గర ఆపేవాళ్ళు లేరు. వాకిట్లో షామియానా, ప్లాస్టిక్ కుర్చీలు, తెల్లబట్టల్లో చుట్టాలు. ఒక బల్ల మీద వచ్చినవాళ్ళకు ఇవ్వడానికి కానుక సంచులు, ఒక్కోదాంట్లో ఒక్కో నీలం సీసా. పొకువా అతిథుల మధ్య తిరుగుతోంది. కొనాడు చుట్టూ చూడకుండా లోపలి గదికి వెళ్ళి తలుపు గడియ పెట్టింది.

బిరాగో తెల్లబట్ట చుట్టుకుని మంచం అంచున కూర్చుని పాపకు పాలిస్తోంది. కొనాడు వంగి పాప ముఖం చూసింది. చెవుల దగ్గర చూపు ఆగిపోయింది. చిన్ని చెవులు, రెండు అంచులూ తడి తడిగా మెరుస్తున్నాయి.

పుట్టిన పిల్ల ముందు ముందు ఏ రంగు తేలుతుందో తెలియాలంటే మా వాళ్ళు చెవుల అంచులు చూస్తారు. ముఖం ఇవాళ ఎర్రగా ఉండొచ్చు, చెవి అంచు మాత్రం అబద్ధం చెప్పదని పెద్దవాళ్ళు అంటారు. అఫియా చెవులు నల్లగా ఉన్నాయి. అమ్మమ్మ చెవుల్లా, కొనాడు చెవుల్లా.

"చెవులకు ఏం రాశావే?" కొనాడు గొంతు ఆమెకే కొత్తగా వినపడింది.

"ఒక్క చుక్కే అక్కా. వదిన అంది, అందరూ ముందు చెవులే చూస్తారు కదా, ఫొటోలు తీస్తారు, నా పేరు పెట్టుకునే పిల్ల ఇలా ఉంటే ఎలా అని..."

కొనాడు చెయ్యి లేచింది. చెల్లెల్ని కొట్టేదే. ఒళ్ళో పాప ఉంది కాబట్టి ఆ చెయ్యి తిరిగి తన తొడ మీదే ఫట్‌మని పడింది. "నీకు బుద్ధుందా? దాని చర్మం ఎంత మందం ఉంటుందనుకున్నావే? రాసింది రాసినట్టు రక్తంలోకి పోతుంది. నీ పొట్ట మీద కుట్టు ఎందుకు నిలవట్లేదో తెలుసా? ఈ సీసాలో తేమ లేదు, స్టెరాయిడ్ ఉంది. నా చేత్తో పరీక్ష చేశాను, నా కళ్ళతో చూశాను. గాయం మాననివ్వంది ఆసుపత్రి కాదు, మీ వదిన!"

"అబద్ధం." బిరాగో కళ్ళలో నీళ్ళు తిరిగాయి గానీ గొంతు గట్టిగానే ఉంది. "నెల రోజుల నుంచి నాకు గంజి కాచి పోస్తోంది, కట్టు మారుస్తోంది. నువ్వేం చేశావ్? వారానికోసారి పులుసు తెచ్చి నాలుగు తిట్లు తిట్టి పోతావ్. నీకు కుళ్ళు. నువ్వు నల్లగా ఉన్నావని నేనూ నల్లగానే ఉండాలి."

ఆ మాట తగలాల్సిన చోట తగిలింది. కొనాడు మింగింది. ఇప్పుడు తన మనసు నొచ్చుకోవడానికి తీరిక లేదు.

"సరే, నాకు కుళ్ళు. ఒక్కటి చెప్పు. నెల రోజుల నుంచి మీ వదిన ఈ ఇంట్లోనే ఉంది. ఈ గదిలోనే పడుకుంటోంది. పొద్దున్నే స్నానం చేసొచ్చి ఒంటికి ఏం రాసుకుంటుంది?"

బిరాగో కళ్ళు గది మూలకు, పొకువా పెట్టె మీదకు పోయాయి. పెట్టె మీద మడతపెట్టిన తువ్వాలు, దాని పక్కన ప్లాస్టిక్ డబ్బా, మూతకు అంటుకుని ఆరిపోయిన వెన్న.

"ఆవిడ ముఖానికి బొసువొ రాసుకోవడం ఒక్కసారైనా చూశావా?"

బయట ఎవరో తలుపు కొట్టారు. "అమ్మాయ్ బిరాగో, వేళైంది. పాపను తీసుకురా," పొకువా గొంతు. బిరాగో లేచింది. లేస్తుంటే గాయం లాగిందేమో, పొట్ట పట్టుకుని ఒక క్షణం వంగి నిలబడింది. అక్క ముఖం వైపు చూడకుండానే గడియ తీసింది.

వాకిట్లో అందరూ లేచి నిలబడ్డారు. కుర్చీలో అమాంక్వా వాళ్ళ ఇంటిపెద్ద యియాడొం తాత కూర్చున్నాడు. ఆయన ముందు పీట మీద రెండు గాజు గ్లాసులు, ఒకదాంట్లో నీళ్ళు, ఒకదాంట్లో సారా. చూడటానికి రెండూ ఒకేలా ఉంటాయి. అందుకే వాటిని పెడతారు. పేరు పెట్టేముందు మంచి మనిషని పేరున్నవాళ్ళు ఒకరు వాటిని పాప నాలుక మీద చుక్క చుక్కగా వేస్తారు. కళ్ళకు ఒకేలా కనపడినా నాలుకకు తేడా తెలియాలి, తెలిసింది తెలిసినట్టు చెప్పాలి అని ఆ పనికి అర్థం. ఇవాళ వేసేది పొకువా. పేరు ఎవరిదో చెయ్యి కూడా వాళ్ళదే.

పొకువా వేలు నీళ్ళలో ముంచి పాప పెదాల మీద పెట్టింది. "నువ్వు నీళ్ళని చెబితే అవి నీళ్ళే అయి ఉండాలి," అంది. గొంతు భలే గంభీరంగా ఉంది. అవుననీ, అలాగే కావాలనీ చుట్టాలంతా పలికారు. సారా గ్లాసులో వేలు ముంచింది. "నువ్వు సారా అని చెబితే అది సారాయే అయి ఉండాలి." పాప ముఖం చిట్లించింది. అందరూ నవ్వారు.

కొనాడు నవ్వలేదు. ఈ నోటితో ఈ మాట! ఇంత పొద్దున్నే, ఇంతమంది పెద్దల ముందు, ఆ పిల్ల నాలుక మీద! ఇక లాభం లేదు, షామియానా గుంజ ఊడదీసినట్టు ఈ పండగ కూల్చేస్తాను, చుట్టరికం పోతే పోనీ అనుకుని ఒక అడుగు ముందుకు వేసింది.

"వదినా." ఆ పిలుపు కొనాడుది కాదు. బిరాగోది.

బిరాగో పాపను ఎడమ చేతి మీదకు మార్చుకుని పక్క బల్ల మీది కానుక సంచిలోంచి ఒక నీలం సీసా తీసింది. "నీళ్ళు వేసి నీళ్ళన్నావు. సారా వేసి సారా అన్నావు. ఇది కూడా ఏంటో చెప్పు."

పొకువా నవ్వబోయింది. "ఇదేం వేళాకోళం అమ్మాయ్? పేరు పెట్టనివ్వు ముందు."

"చెప్పు వదినా. తాతగారు వింటున్నారు."

యియాడొం తాత కర్ర మీద గడ్డం ఆనించి చూస్తున్నాడు. చెప్పమనీ అనలేదు, వద్దనీ అనలేదు. అమాంక్వా నేల చూపులు చూశాడు.

"తెలిసిందే కదా. తేమ. నీళ్ళే తల్లీ, ఒట్టి మంచినీళ్ళు," అంది పొకువా.

"అయితే నీళ్ళు వేసినట్టే ఒక్క చుక్క పాప నాలుక మీద వెయ్యి," అని బిరాగో సీసా చాచింది.

చెవులకు రాసింది చాలక నాలుక మీదా! ఆవిడ మొండిఘటం. ఇంతమందిలో పరువు కోసం వేసినా వేసేస్తుంది. కొనాడు కుర్చీలు తోసుకుంటూ ముందుకు దూకింది.

పొకువా సీసా అందుకుంది. మూత తిప్పింది. గొట్టం పైకి లాగింది. దాని కొసన చుక్క ఉబ్బి వేలాడింది. ఆ పది అందమైన వేళ్ళు, ఊరంతా చూసి నమ్మిన వేళ్ళు, పాప ముఖానికి జానెడు దూరంలో ఆగిపోయాయి. ముందుకు పోలేదు. చుక్క జారి నేల మీద పడింది. యియాడొం తాత వంగి, రెండు గ్లాసులూ తీసి మట్టిలో ఒంపేశాడు.

"అమాంక్వా, వేరే నీళ్ళు పట్రా. వేరే పేరు కూడా," అన్నాడు.

కొనాడు రొప్పుతూ చెల్లెలి పక్కకు చేరింది. అప్పుడు చూసింది. బిరాగో అరచెయ్యి పాప నోటి మీద గట్టిగా కప్పి ఉంది. సీసా చేతులు మారిన మరుక్షణమే కప్పేసినట్టుంది. వేళ్ళ మధ్య సందు లేదు.

"అక్కా," అంది బిరాగో, పొకువా మీద నుంచి చూపు తిప్పకుండానే. "తడిగుడ్డ పట్రా. చెవులు తుడవాలి."